కాయలు పండే చప్పుడు

నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒకటే. నా కూతురు కుందన నిద్ర లేచే వేళకి పక్కన మనిషన్నవాళ్ళు లేకపోతే ఎలా అని.

మామూలు నిద్రయితే ఇంత భయం ఎందుకు? పిల్ల లేస్తుంది, ఏడుస్తుంది, పక్కింటి వాళ్ళైనా వచ్చి ఎత్తుకుంటారు. కుందనది అలాంటి నిద్ర కాదు. అది పడుకునేటప్పటికి దానికి మూడేళ్ళు. అప్పుడు దాని తమ్ముడు నా కడుపులో ఉన్నాడు. ఇప్పుడు ఆ తమ్ముడికి నాలుగు వెళ్ళి అయిదు వస్తోంది. కుందనకి మాత్రం ఇంకా మూడే.

మాది చింతపల్లి ఘాటు పైన, చలికాలంలో గడ్డి మీద నీళ్ళు గడ్డకట్టే చోటు. ఊరికి ఎగువన పైన్ తోట ఉంది. ఎప్పుడో సర్కారు వాళ్ళు నాటింది. ఆ తోట నడుమ ఒక పాత గెస్టు హౌసు. దాన్ని మేం పురుగుల బంగ్లా అంటాం. హైమావతి మేడం అందులో ఉండి, పైన్ కాయల్ని పాడుచేసే పురుగు మీద పరిశోధన చేసేవారు. తొమ్మిదో తరగతి మధ్యలో పెళ్ళి చేసేస్తే బడి మానేసిన నాకు ఆవిడ దగ్గర కాయలు చీల్చే పని దొరికింది.

కత్తిపీట మీద కాయని నిలువునా చీల్చాలి. లోపల పురుగుంటే చిన్న పట్టకారుతో తీసి గాజు పళ్ళెంలో వెయ్యాలి. మొదట్లో అన్నం సయించేది కాదు. తరవాత ఆ పురుగు బతుకు చూస్తుంటే జాలేసేది. తల్లి పురుగుకి బెరడు రంగు రెక్కలు, చెట్టు మీద వాలితే కనబడదు. పచ్చికాయ రేకుల సందులో గుడ్లు పెట్టి, ఏమీ తినకుండా, కొన్నాళ్ళకే రాలిపోతుంది. తన పిల్లల మొహం ఎన్నడూ చూడదు. గుడ్డులోంచి వచ్చిన పురుగు కాయని తొలుచుకుంటూ పోయి గింజలన్నీ తినేస్తుంది. కాయ పైకి బంకా రెట్టా కలిసిన ముద్ద వేలాడిందంటే లోపల ఇంకేం లేనట్టే. కడుపు నిండాక నేల మీదికి దిగి, రాలిన ఆకుల కింద పట్టుగూడు అల్లుకుని పడుకుంటుంది. చలి పోయి వెచ్చబడ్డాక రెక్కలతో బయటికొస్తుంది.

కానీ అన్నీ రావు.

మొదటి ఏడు వేసవిలో ఒక పళ్ళెం నిండా పురుగు బయటికి రాని గూళ్ళు మిగిలిపోయాయి. "ఇవి చచ్చిపోయినట్టున్నాయి మేడం, పారబోసెయ్యనా?" అన్నాను.

"ఆగాగు పైడితల్లీ!" అని మేడం పరుగెత్తుకొచ్చారు. "చావలేదు. ఆగి ఉన్నాయి అంతే."

"ఆగడం ఏటండీ?"

"చెట్లు ప్రతి ఏడూ ఒకేలా కాయవు కదా. ఒక ఏడు విరగకాస్తాయి, ఒక ఏడు బోసిగా ఉంటాయి. కాయల్లేని ఏడు అన్నీ ఒకేసారి లేచాయనుకో, వంశం తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని ఒక తల్లి గుడ్లలోనే కొన్ని ఈ ఏడు లేస్తాయి, కొన్ని వెనక ఉండిపోతాయి. రెండేళ్ళు, మూడేళ్ళు కూడా."

"ఎవరు లేవాలో, ఎవరు ఉండాలో ఎవరు చెప్తారండీ వాటికి?"

"అది తెలిస్తే నా జుట్టు ఇంత నెరిసేదా?" అని నవ్వారు.

ఆగి ఉన్న ఆ పురుగుల ఒంట్లోంచి మేడం ఒక రసం తీశారు. ఎలకలకి ఇచ్చి చూశారు. తరవాత ఒక మేకపిల్లకి ఇచ్చారు. అది చలికాలమంతా బంగ్లా వెనక గదిలో రాయిలా పడి ఉంది. మేత లేదు, నీళ్ళు లేవు. చిక్కలేదు, పెరగలేదు. ఎండలు రాగానే లేచి తల్లి పొదుగు వెతుక్కుంటూ పోయింది. అప్పటికి తల్లి మేక పాలు ఎండిపోయాయి. పిల్లని వాసన చూసి, తనది కాదన్నట్టు కాలితో తన్నింది. ఆ రోజు అందరం నవ్వుకున్నాం.

ఆ ఏడే కుందనకి జబ్బని తేలింది. సికిల్ సెల్ అంటారు, మా మన్యంలో చాలామందికి ఉన్నదే. దీనికి మరీ ఎక్కువ. నొప్పి వస్తే పిల్ల ఏడవడానికి కూడా ఓపిక లేక, నోరు తెరుచుకుని చప్పుడు లేకుండా మెలికలు తిరిగేది. తోడబుట్టినవాళ్ళ ఎముకల్లోని మూలుగ సరిపడితే మార్చవచ్చు, పిల్ల బతుకుతుంది అని కింద పెద్దాసుపత్రిలో చెప్పారు. తోడబుట్టినవాడు ఇంకా నా కడుపులో ఉన్నాడు. వాడు పుట్టాలి, కాస్త బలం పుంజుకోవాలి. అంతవరకు ఈ పిల్ల ఆగుతుందన్న నమ్మకం డాక్టర్లకి లేదు.

మేడం అడగలేదు. నేనే అడిగాను. "మేకపిల్లకిచ్చింది మా కుందనకి ఇవ్వండి."

మా అత్త సన్యాసమ్మ ఇల్లెగిరిపోయేట్టు అరిచింది. "పురుగు నెత్తురు పసిగుంటకి ఎక్కిత్తావేటే? రేపు లేచి గోడలంట పాకితే?"

"పాకితే పాకనీ అత్తా. బతికుంటే చాలు."

మా ఆయన కామేసు జీపు తాళం చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

పైవాళ్ళ అనుమతి వచ్చింది. ముగ్గురు పిల్లలకి ఒకేసారి. మా కుందన, కొండ అవతలి ఊరి ఝాన్సీ, లోవరాజు కొడుకు సోమేశు. అందరికీ అదే జబ్బు. ఒక్క చలికాలం నిద్ర, ఎండలు వచ్చాక లేస్తారు, అప్పటికి మా బాబు పుట్టి ఉంటాడు, కావాలంటే ఇంకో చలికాలం పడుకోబెట్టవచ్చు. లెక్క అదీ.

నీలం గౌను వేసి మంచం మీద పడుకోబెడితే కుందన నా చెయ్యి వదల్లేదు.

"నేను లేచేసరికి తమ్ముడు వచ్చేత్తాడా?"

"వచ్చేస్తాడు."

"నువ్వు ఇక్కడే కూకుంటావా?"

"ఇక్కడే కూచుంటానమ్మా."

"నీళ్ళకెల్తే?"

"నీళ్ళకి కూడా వెళ్ళను."

అప్పుడు చెయ్యి వదిలింది. కాసేపటికి వేళ్ళు చల్లబడ్డాయి, తరవాత మోచెయ్యి, తరవాత బుగ్గలు. కొత్త కుండని ముట్టుకున్నట్టు ఉంది. ఊపిరి ఆగిపోయిందనుకుని నేను మేడం చీర పట్టుకున్నాను. ఆవిడ చిన్న అద్దం పిల్ల ముక్కు దగ్గర పెట్టి, "చూడు," అన్నారు. చాలాసేపు ఏమీ లేదు. చివరికి అద్దం మీద గోరంత మసక పడింది, పోయింది.

ఎండలు వచ్చాయి. ముందుగా లేచింది ఝాన్సీ. పిల్లలు లేవడం ఎలా ఉంటుందో ఆ రోజే చూశాను. గూడులోంచి వచ్చిన పురుగుకి రెక్కలు తడిగా, ముడతలు పడి ఉంటాయి. కొమ్మని పట్టుకుని వేలాడుతూ ఆరబెట్టుకుంటుంది. అప్పుడు దానికి వేలు తగిలిందంటే ఇక జన్మంతా ఎగరలేదు. పిల్లలూ అంతే. ముందు కళ్ళు తెరుచుకుంటాయి, చూపు ఉండదు. తరవాత పెద్దగా ఒక ఊపిరి తీస్తారు. తరవాతది మర్చిపోతారు. ఒళ్ళు ఇన్నాళ్ళూ ఊపిరి లేకుండా ఉండటం అలవాటు చేసుకుంది కదా. ఎవరో ఒకరు వీపు నిమిరి గుర్తు చెయ్యాలి. మేడం ఝాన్సీని మెల్లగా లేపి కూర్చోబెట్టి, పెదాలకి గోరువెచ్చటి నీళ్ళు చుక్కచుక్కగా అంటిస్తూ, "తియ్యమ్మా, ఊపిరి తియ్యి, మళ్ళీ తియ్యి," అంటూనే ఉన్నారు. ఎండ గోడ దిగేవరకూ అన్నారు. అప్పటికి ఝాన్సీ, "ఆకలేత్తంది," అంది. వాళ్ళమ్మ కిందపడి ఏడ్చింది.

సోమేశు లేవలేదు. కుందనా లేవలేదు.

"కొన్ని వెనక ఉండిపోతాయి" అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. మేడం మొహం చూస్తే ఆవిడకీ అదే గుర్తొచ్చినట్టుంది. లోవరాజు మాత్రం ఆగలేకపోయాడు. మా దగ్గర చలికి పిల్లలు బిగుసుకుపోతే ఏం చేస్తాం? కుంపటి రాజేసి మంచం కింద పెడతాం. లోవరాజూ అంతే, సోమేశు గదిలో ఎవరూ లేనప్పుడు ఎండిన పైన్ కాయలతో కుంపటి నింపి కొడుకు మంచం కింద పెట్టాడు. పిల్లాడు లేచాడు. అయ్యని చూసి నవ్వాడు కూడా. లోవరాజు ఆ సంతోషంలో కొడుకుని గుండెలకి అదుముకుని, "లేచాడు! మా సోమేశు లేచాడు!" అని కేకలేసుకుంటూ తోటలోకి పరుగెత్తాడు. మేం ఎదురొచ్చేసరికి పిల్లాడి మొహం మీద ఆ నవ్వు అలాగే ఉంది. ఊపిరి తియ్యాలని గుర్తుచేసేవాళ్ళు లేకపోయారు.

ఆ తరవాత పైవాళ్ళు అంతా ఆపేశారు. కుందనని కిందికి తీసుకుపోదాం అంటే మైదానం వేడికి సగంలో లేస్తుందని భయం. అందుకని దాన్ని బంగ్లాలోనే ఉంచారు. మేడం కూడా ఉండిపోయారు. కుందన పడుకున్ననాడే మేం పక్క గదిలోకి కాపురం మార్చేశాం. ఆ చలికాలంలోనే అక్కడ దాని తమ్ముడు బాబ్జీ పుట్టాడు. ఆసుపత్రి వాళ్ళు వాడి నెత్తురు పరీక్ష చేసి, అక్కకి సరిగ్గా సరిపోయిందన్నారు. అన్నీ సిద్ధం. లేవాల్సిన పిల్ల లేవదు.

మా అత్తకి ఒక అలవాటు. పసిపిల్లలకి స్నానం చేయించి గుగ్గిలం పొగ వెయ్యనిదే ఆవిడకి తోచదు. రెండో చలికాలంలో ఒక రోజు బాబ్జీకి పొగ వేసి, ధూపం మూకుడు పట్టుకుని నేరుగా కుందన దగ్గరికి వెళ్ళింది.

"ఏం చేస్తున్నావ్ అత్తా?"

"ఏటి చేత్తాను? దాని తమ్ముడికేసి దీనికెయ్యకపోతే ఎలగే? నిద్రోయినంత మాత్రాన మనవరాలు కాకుండా పోద్దా?"

పొగ మంచం చుట్టూ తిరిగింది. కుందన చూపుడువేలు కదిలింది.

నేను వేసిన కేకకి మేడం వచ్చారు. వచ్చి కుందన వైపు చూడలేదు. గోడవార బల్ల మీద ఉన్న పళ్ళెం వైపు చూస్తూ నిలబడిపోయారు. అందులో ఏళ్ళ తరబడి ఆగి ఉన్న గూళ్ళు చేటలో బియ్యం కదిలినట్టు టకటకమంటున్నాయి. కుందన వేలు కదిలితే గూళ్ళు కదులుతున్నాయి. వేలు ఆగితే అవీ ఆగుతున్నాయి.

మేడం ధూపం మూకుడు తీసుకెళ్ళి బయట బోర్లించారు. తిరిగొచ్చి పళ్ళెం ముందు కూర్చున్నారు. "గుగ్గిలం కూడా చెట్టు బంకే కదా. పైన్ కాయ పండే ముందు వచ్చే వాసనకి దగ్గర. మనం ఇన్నాళ్ళూ చలీ ఎండా లెక్క చూసుకున్నాం పైడితల్లీ. ఇవి వాసన కోసం చూస్తున్నాయి. కాయలు విరగకాసే ఏడు కోసం."

"పురుగులంటే సరే. నా కూతురికి కాయలతో ఏం పని మేడం?"

ఆవిడ కుందన చూపుడువేలుని తన గుప్పిట్లోకి తీసుకున్నారు.

ఇంకో ఏడు తిరిగేలోపు ఆవిడని కూడా ఇక్కణ్ణుంచి తీసేశారు. వెళ్తూ వెళ్తూ మంచం దగ్గర నేల మీద కూర్చుని, కుందన పాదం పట్టుకుని ఏడ్చారు. ఆ పళ్ళెం మాత్రం నాకు ఇచ్చి వెళ్ళారు. "ఇవి నల్లబడ్డాయంటే లేచే వేళైనట్టు, జాగ్రత్త," అన్నారు.

ఝాన్సీ బాగానే ఉంది. మందులు వేసుకుంటూ బడికి పోతోంది. ఒకసారి వాళ్ళమ్మ తీసుకొస్తే కుందన మంచం దగ్గర నిలబడి తల పక్కకి వంచి, ఎవరో పిలుస్తుంటే వింటున్నట్టు చూసింది.

"నిద్రలో నీకేం కలలొచ్చేవే?" అని అడిగాను.

"కలల్లేవు పిన్నీ. చీకట్లో అందరం ఇంటన్నాం."

"అందరంటే? మీ ముగ్గురేనా?"

"కాదు. బోలెడంత మంది. చెట్ల కిందోళ్ళు కూడా."

"ఏం వింటున్నారే?"

"కాయలు పండే చప్పుడు." అదేదో అందరికీ తెలిసిన విషయమన్నట్టు చెప్పింది. "నేను చిన్న చప్పుడుకే వచ్చేశాను. కుందన రాదు. దానికి పెద్దది కావాలి."

వాళ్ళమ్మ దాని నెత్తిన ఒకటి మొట్టి, "పిచ్చి మాటలాడకు," అని తీసుకుపోయింది. ఆ రోజు నుంచి నేను పైన్ చెట్ల కింద నడిచేటప్పుడు చెప్పులు విప్పేస్తున్నాను. ఎందుకో నాకే తెలియదు. కింద ఎవరో పడుకున్న చోట తొక్కుతున్నట్టు ఉంటుంది.

బాబ్జీకి మాటలొచ్చినప్పుడు కుందనని అక్క అనేవాడు. పోయిన ఏడు దాని పక్కన పడుకుని కాళ్ళు కాళ్ళు కలిపి చూసుకున్నాడు. వాడి తల దిండు దాటి పోయింది. ఆ రోజు నుంచి, "చెల్లి ఇంకా లేగలేదా మామ్మా?" అంటున్నాడు.

"చెల్లి కాదురా, అక్క!" అంటుంది మా అత్త.

"నాకన్నా చిన్నది కదా. అక్కెలా అవుద్ది?"

నాకు మేకపిల్లని తన్నిన తల్లి మేక గుర్తొస్తుంది. ఆ వేళకి నా ఒంట్లో ఈ పిల్ల వాసన ఉంటుందా, దాని ఒంట్లో నా వాసన ఉంటుందా అని దాని మెడ దగ్గర మొహం పెట్టి చూస్తాను. ఇదివరకు దాని దగ్గర పాలవాసన వచ్చేది. ఇప్పుడు చెట్టు బెరడు వాసన వస్తోంది.

ఈ ఏడు పైన్ తోట విరగకాసింది. మా అత్త పుట్టాక ఇంత కాపు చూడలేదట. కొమ్మలు కాయల బరువుకి వంగిపోయాయి. బంక వాసన ఘాటు రోడ్డు దాకా కొడుతోంది. ఇంకా చలి విరగలేదు, రెక్కల పురుగులు వచ్చే కాలం కాదు. అయినా పొద్దున లేచి చూస్తే కుందన దోమతెర మీద బెరడు ముక్కలు అతికించినట్టు వాలి ఉంటున్నాయి. గదిలో దీపం కూడా పెట్టం. వెలుతురుకి వచ్చాయనుకోవడానికి లేదు. అన్నీ దాని వైపే తల పెట్టి ఉంటున్నాయి. దులిపితే ఎగరవు. తోట వైపు కిటికీ తెరిస్తే మెల్లగా పోయి, మర్నాడు మళ్ళీ వస్తాయి.

పళ్ళెంలో గూళ్ళు నల్లబడుతున్నాయి.

మొన్న కుందన చెయ్యి తుడుస్తుంటే గీరుకుంది. చూస్తే గోళ్ళు పెరిగాయి. ఇన్నేళ్ళలో దాని గోరు పెరగడం ఇదే మొదలు. ఒక్కో గోరూ మెల్లగా తీశాను. ఆ ముక్కలు పారెయ్యడానికి మనసు రాక కొంగున కట్టుకున్నాను. లేస్తుంది. నా కూతురు లేస్తుంది.

సరిగ్గా ఇప్పుడే నేను ఉండలేకపోతున్నాను. నాకు మళ్ళీ నెల తప్పి చాలా రోజులైంది. నిన్న నెత్తురు కనబడింది. కింద ఆసుపత్రిలో చేరి కదలకుండా పడుకోకపోతే బిడ్డా దక్కదు, నేనూ దక్కనని నర్సమ్మ కచ్చితంగా చెప్పింది. కామేసు జీపు తెచ్చి గుమ్మంలో పెట్టాడు.

"నేను రాను," అన్నాను.

"ఏటే మాటలు? నువ్వు పోతే ఈ ఇద్దర్నీ ఎవుళ్ళు సూత్తారు?"

"కుందన?"

"మా యమ్ముంది కదా."

"అత్తకి శుక్లాలు. రెప్ప కదిలితే కనబడుద్దా?"

గుమ్మంలోంచి మా అత్త అందుకుంది. "కళ్ళు పోయాయి గానీ సెవులు పోనేదే. గుంట ఊపిరి తీత్తే ఇననేనా?"

"తీస్తే కాదు అత్తా. తియ్యడం మర్చిపోతే తెలియాలి."

మా అత్త లోపలికి పోయి మంచం పక్కన కూర్చుని, కుందన పొట్ట మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. చూపున్నవాళ్ళం మేం ఇన్నేళ్ళుగా ఏం చూశామో గానీ, ఆవిడ అలా కూర్చుంటే కాస్త ధైర్యం వచ్చింది. కానీ ఆవిడ ఒక్కతే. బాబ్జీకి అన్నం వండాలి, ఊట దగ్గరికి వెళ్ళి నీళ్ళు తేవాలి. కామేసు నా దగ్గర ఉండాలి. నర్సమ్మ వారానికి ఒకసారి వస్తుంది. నీళ్ళకి కూడా వెళ్ళనని నేను మాటిచ్చిన పిల్ల, ఎవరో నీళ్ళకి వెళ్ళిన ఆ కాసేపట్లో లేస్తేనో?

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. చలికాలంలో మంచు చూడ్డానికి మీరంతా కార్లేసుకుని మా కొండ మీదికి వస్తారు కదా. ఫొటోలు దిగుతారు, మంట దగ్గర టీ తాగుతారు. పైన్ తోట దగ్గర బంక వాసన గుప్పుమన్న చోట ఎడమ చేతి వైపు మట్టి దారి ఉంటుంది. దాని చివర రేకుల వసారా ఉన్న బంగ్లా. తలుపుకి గొళ్ళెం మాత్రమే వేసి ఉంటుంది, తాళం ఉండదు. మా అత్త ఉంటే, "ఎవుళది?" అని గట్టిగా అరుస్తుంది, భయపడకండి. గుమ్మంలో ఆడుకునే బాబు, "మా చెల్లిని సూడ్డానికొచ్చారా?" అని అడుగుతాడు. అవునని చెప్పండి.

చెప్పులు బయట వదిలి, దోమతెర మీద పురుగుల్ని కదపకుండా మెల్లగా ఎత్తండి. కళ్ళు మూసుకుని ఉంటే ఏమీ చెయ్యక్కర్లేదు. తెరిచి ఉంటే మాత్రం కేకలెయ్యకండి, గట్టిగా పట్టుకోకండి. మెల్లగా కూర్చోబెట్టి, ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళుంటాయి, పెదాలకి అంటించండి. వీపు నిమురుతూ, తియ్యమ్మా, ఊపిరి తియ్యి అనండి. దానంతట అదే తీసుకునేదాకా అంటూనే ఉండండి. మీ అమ్మ ఇక్కడే ఉంది, నీళ్ళకెళ్ళింది, వచ్చేస్తుంది అని చెప్పండి. ఆ ఒక్క అబద్ధం నాకోసం ఆడండి.

కామేసు హారన్ కొడుతున్నాడు. నేను పోవాలి. మీరు ఈ దారిన వచ్చినప్పుడు ఎంత తొందరలో ఉన్నా సరే, ఒక్కసారి బండి ఆపి, లోపలికెళ్ళి మా కుందన లేచిందేమో చూసి రండి.